గుత్తి నీలి సాలీడుతో పెంపకం మొదలుపెట్టవచ్చా?

జర్మనీలో ఉంటున్న మీరు అరుదైన సాలీళ్ళను పెంచాలనుకుంటున్నారనీ, మన గుత్తి పేరున్న నీలి టరాంటులాతోనే (టరాంటులా అంటే ఒంటినిండా నూగున్న పెద్ద సాలీడు) మొదలుపెట్టవచ్చా అనీ అడిగారు. ఇంగ్లాండులో ఈ జాతిని చాలాకాలంగా పెంచుతున్న అనుభవంతో, మొదలు మాత్రం దీనితో వద్దనే చెబుతాను.

దీని బొమ్మ చూసి ముచ్చటపడేవారు దీని వేగాన్ని ఊహించలేరు. అమెరికా ఖండాల టరాంటులాలలో చాలావాటికి బెదిరినప్పుడు రాల్చడానికి పొట్టమీద దురద పుట్టించే నూగు ఉంటుంది. దీనికి అది లేదు కనుక పారిపోతుంది, దారి దొరకకపోతే కరుస్తుంది. ఆ కాటుకు కండరాలు తీవ్రంగా పట్టేస్తాయి. అందుకే నేను దీన్ని ఎన్నడూ చేతిమీదికి ఎక్కించుకోను. పెట్టె మార్చవలసి వస్తే దానికి ఎదురుగా పారదర్శకమైన డబ్బా పట్టుకుని, వెనకనుంచి సన్నని కుంచెతో మెల్లగా అదిలిస్తాను.

చెట్టు తొర్రల్లో బతికే ప్రాణి కాబట్టి వెడల్పుకంటే ఎత్తు ఎక్కువున్న పెట్టె, నిలువుగా ఆనించిన బోలు బెరడు, అడుగున కొబ్బరి పొట్టు, గాలి ఆడే రంధ్రాలు, చిన్న గిన్నెలో నీళ్ళు ఉండాలి. తిండికి కీచురాళ్ళు, బొద్దింకలు చాలు. తిండి మానేసి బెరడు నోటిని దారాలతో మూసుకుందంటే చాలాసార్లు కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు పెట్టెలో బతికున్న కీచురాయిని వదలకూడదు, ఒళ్ళు మెత్తబడిన సాలీడును అది కొరికి చంపగలదు.

విడిచిన కుబుసాన్ని నేను సబ్బు చుక్క వేసిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పొట్ట భాగాన్ని పటకారుతో విప్పి భూతద్దం కింద పెడతాను. ఆడదైతే ముందు జత పుస్తకాకార ఊపిరితిత్తుల (పుటల్లా పొరలున్న శ్వాసాంగాల) మధ్య శుక్రగ్రాహిక, అంటే వీర్యాన్ని దాచుకునే సంచి, కనిపిస్తుంది. ఆడవి 12 ఏళ్ళ వరకు, మగవి 3-4 ఏళ్ళే బతుకుతాయి కనుక ఈ పరీక్ష ముఖ్యం. పిల్లల్లో అంతగా తేలని నీలం కుబుసం కుబుసానికీ చిక్కబడుతుంది. ఆ రంగు వర్ణకంనుంచి కాక, వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణం వెలుగును తిప్పికొట్టే తీరునుంచి వస్తుందని తెలిశాక నేను చూస్తూ గడిపే సమయం ఇంకా పెరిగింది.

1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దీన్ని కొత్త జాతిగా వర్ణించింది గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగానే అయినా, అది కలపతోపాటు రైల్లో అక్కడికి చేరిందని భావిస్తారు. 2001లో మళ్ళీ కనిపించిన దీని సొంత తావు నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవి. తెలిసిన ఆవాసం 100 చదరపు కిలోమీటర్లకు లోపే, అదీ కలప కోసం, వంటచెరకు కోసం చెట్లు నరుకుతున్న చోటు. అందువల్లనే 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది. అడవినుంచి ఒక్క సాలీడును తెచ్చినా నాకు సమ్మతం కాదు.

ముందు నెమ్మదిగా కదిలే గ్రామోస్టోలా పుల్క్రా అనే దక్షిణ అమెరికా నల్ల టరాంటులాను కొన్నేళ్ళు పెంచండి. ఆ తరువాత నీలి సాలీడు కొనేటప్పుడు, అది పెంపకంలోనే పుట్టిందని చూపే పత్రాన్నీ చివరిసారి కుబుసం విడిచిన తేదీనీ అడగండి. ఈ సాలీడు చేరిన ప్రజాతి మొత్తం 2019నుంచి, ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉంది కాబట్టి, పత్రం చూపలేనివారి దగ్గర కొనవద్దు.