మెట్లు దిగడం ప్రాక్టీసు చేయండి

ప్రశ్న: వచ్చే నెల మొదటిసారి ఒక నేషనల్ పార్క్‌లో ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం. రానూపోనూ 14 కిలోమీటర్లు, పైకి 600 మీటర్లు ఎక్కాలి. రోజూ గంటసేపు నడిచే అలవాటుంది. కొత్త బూట్లు కొని, ఆ రోజు కోసం పెట్టెలోనే దాచాను. ఇంకేం చేయాలి?

జవాబు: ముందు ఆ బూట్లు పెట్టెలోంచి తీయండి! ఆ రోజు వేసుకునే సాక్సులతోనే, రేపటి నుంచి వాటితో నడవండి.

ఎక్కడం గురించి రాశారు, దిగడం మాట ఎత్తలేదు. మొదటిసారి నేనూ అంతే. హుషారుగా ఎక్కేశాను. దిగేటప్పుడు అడుగడుగునా కాలివేళ్లు బూటు ముందుకు గుద్దుకున్నాయి. సాయంత్రానికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి, కొన్ని వారాలకు ఒకటి ఊడిపోయింది. సరిగ్గా పాదమంతే ఉన్న బూట్లు, వదులు లేసులు, పెరిగిన గోళ్లు... తప్పంతా నాదే. బూటులో వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు రోజుల ముందే గోళ్లు కత్తిరించుకోండి. దిగే ముందు కూర్చుని, మడమను వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర లేసు బిగించండి. మడమ ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడికక్కడే ఆగి టేపు వేయండి. "ఇంకాస్త దూరమేగా" అనుకుంటే బొబ్బే.

దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి. చదును నేల మీది నడక దీన్ని నేర్పదు. అందుకే వారానికి మూడుసార్లు మెట్లు ఎక్కి దిగండి, వీపున నీళ్ల సీసాలతో. గంటకు అర లీటరు చొప్పున ఆరు గంటలకు మూడు లీటర్లు, అంటే మూడు కిలోలు. ఆ రోజు మోయాల్సిందీ అదే.

ఆరు గంటలెందుకంటారా? 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది: 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. మీ దారికి దాదాపు నాలుగు గంటలు. ఆయన లెక్కలో విశ్రాంతి లేదు, ఫొటోలు లేవు! కొత్తవాళ్లు ఇంకో రెండు గంటలు కలుపుకోవాలి. వెనక్కి తిరిగే టైమ్ ముందే అనుకుని, ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ టైమ్‌కి శిఖరం కనిపిస్తున్నా సరే, తిరగాల్సిందే. నాకిది ఇప్పటికీ కష్టమే.

దారి తెరిచి ఉందో లేదో బయల్దేరే ముందు రోజు పార్క్ ఆఫీసులో కనుక్కోండి. కాటన్ టీషర్టు వద్దు, చెమటకు తడిస్తే ఓ పట్టాన ఆరదు. పగటి నడకే అయినా సంచిలో హెడ్‌ల్యాంప్ ఉండనివ్వండి.