నా పాత నోట్సు ఇవ్వను

అమ్మాయ్,

నువ్వు పీఈటీ, అదే వ్యాయామ ఉపాధ్యాయుల సర్టిఫికెట్ పరీక్ష రాస్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతంతా దిగులు, నాకేమో సంబరం. ఫోన్ పెట్టేశాక ఆ దిగులు నాకూ అంటుకుంది. ఈ పిల్లకు ఎండలో నిలబడే బతుకు ఎందుకొచ్చిందిరా అని ఒక పక్క, మనింట్లో ఇంకొకరు మెడలో విజిల్ వేసుకుంటారు కదా అని ఇంకో పక్క. రాత్రి సరిగ్గా నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

నా పాత నోట్సు కావాలన్నావట. ఇవ్వను. పిసినారితనం కాదే. అందులో టేబుల్ టెన్నిస్ గేమ్ ఇంకా 21 పాయింట్లకే ఉంది, 2001 నుంచి అది 11. వాలీబాల్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు అని రాసుకున్నాను, ఇప్పుడా రూలు లేదు. 4×100 రిలేలో బ్యాటన్ మార్చుకునే జోన్ 20 మీటర్లని ఎర్ర సిరాతో కింద గీత కూడా కొట్టాను, ఇప్పుడది 30. ఒక్కో ఆటకూ ఆ సమాఖ్య ఇచ్చే తాజా రూల్ పుస్తకం దగ్గర పెట్టుకో. బజార్లో దొరికే ప్రశ్నల పుస్తకాల్లో కూడా నాలాంటి ముసలాళ్ల నోట్సే దూరి ఉంటుంది, సరిచూడకుండా నమ్మకు.

సిలబస్ గోడకు అంటించు, దరఖాస్తు చివరి రోజు దాకా నాన్చకు, పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయి. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది కొలతల గురించి. 400 మీటర్ల పరుగులో బయటి లేన్ల వాళ్లను కాస్త ముందుకు నిలబెడతాం కదా, ఆ స్టాగర్ ఎంత అని అడిగితే చాలామంది 7.67 అని ఠక్కున చెప్పేస్తారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, దాన్ని రెండు పైలతో (2π) హెచ్చిస్తే వచ్చేది అదే. నాతో పనిచేసిన ఒక మాస్టారు ఉండేవాడు. అంకెలు అప్పజెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఒకసారి పిల్లల పోటీలకు ట్రాకు గీసే పని ఆయనకు అప్పగించారు. ఆయన రెండో లేన్ మొదలుకుని ఒక్కో లేన్‌కూ 7.67 కలుపుకుంటూ పోయాడు.

తప్పెక్కడుందో చూడు. మొదటి లేన్ దూరాన్ని లోపలి కర్బ్‌కు, అంటే ట్రాకు లోపలి వైపు ఎత్తుగా ఉండే అంచుకు, 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు. మిగతా లేన్లకు కర్బ్ ఉండదు, గీతే ఉంటుంది కాబట్టి ఆ గీతకు 20 సెంటీమీటర్ల అవతలే కొలుస్తారు. ఆ పది సెంటీమీటర్లు తగ్గడం వల్ల రెండో లేన్ స్టాగర్ 7.04 మాత్రమే. 7.67 కలపడం మూడో లేన్ నుంచే మొదలు, అంటే మూడోది దాదాపు 14.70. ఆయన గీసిన గీతల మీద మొదటి లేన్ పిల్ల తప్ప మిగతా అందరూ 63 సెంటీమీటర్లు ముందు నుంచి బయల్దేరారు.

ఆ మొదటి లేన్లో ఒక బక్కపిల్ల. చెప్పుల్లేవు. చివరి మలుపు దాకా వెనకే ఉంది, తర్వాత ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. నేను ఫినిష్ దగ్గర నిలబడి ఉన్నాను. ఛాతీ తేడాతో రెండో స్థానం. సాయంత్రం రిలేకు గీతలు సరిచూస్తుంటే టేపులో తేడా బయటపడింది. అప్పటికే మెడల్ వేరే పిల్ల మెళ్లో ఉంది. మాస్టారు ఈ పిల్లకు సంగతి చెప్పాలని రెండడుగులు వేశాడు. అది మాత్రం, "ఇంకొంచెం గట్టిగా పరిగెత్తాల్సింది సార్, నాదే తప్పు" అంటూ తనను తనే తిట్టుకుంటోంది. ఆయన నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఆయన ఎవరి ముందూ అంకెలు అప్పజెప్పగా నేను చూడలేదు.

అందుకే బట్టీ పట్టకు. మలుపు వ్యాసార్థం 36.50 మీటర్లు, దానికి 0.30 కలిపితే 36.80. సరళ భాగాలు రెండూ 84.39 చొప్పున. కాగితం మీద వేసి 400 వస్తుందో లేదో చూసుకో, తర్వాత తాడూ మేకూ సున్నమూ పట్టుకుని నేల మీద గీయి. చిన్నప్పుడు నేను గీసిన గీత మీద బుడిబుడి అడుగులేసి చెరిపేస్తే నిన్ను కసిరాను, గుక్కపట్టి ఏడ్చావు. ఇప్పుడు నువ్వు గీసేదాన్ని ఎవరైనా చెరిపితే తెలుస్తుంది నా బాధ.

అనాటమీని కూడా ఒంటితోనే చదువు. మునివేళ్ల మీద లేచి నిలబడితే రెండో తరగతి లీవరు, అంటే బరువు మధ్యలో ఉండేది; బరువు పట్టుకుని మోచెయ్యి మడిస్తే మూడోది, అంటే బలం మధ్యలో ఉండేది. ఒకసారి చేసి చూస్తే మళ్లీ మర్చిపోవు.

పరీక్షలో పాఠం చెప్పి చూపించమంటారు. అప్పుడు ఎండ నీ మొహాన పడాలి, పిల్లల వీపున పడాలి. నువ్వు ఎంత బాగా చేసి చూపించావన్నదాని కన్నా, ఎంతమంది పిల్లలు వరసలో ఊరికే నిలబడ్డారన్నదే ముందు చూస్తారు. ఒకే బంతికి నలభై మందిని వరస కట్టించావంటే సగం మార్కులు అక్కడే పోయినట్టు.

ఇక నా భయం. మీ పెద్దమ్మ నవ్వుతుంది గానీ, రిటైరయ్యాక కూడా ఆటస్థలంలో పిల్లాడు కుప్పకూలినట్టు నాకు కలలొస్తాయి. ఎండలో పరిగెత్తే పిల్లాడు మాట తడబడి, తూలి, పొంతన లేకుండా మాట్లాడితే అది అలసట అనుకోకు. వడదెబ్బ. అంబులెన్సుకు ఫోన్ చేయిస్తూనే నీళ్లలో ముంచో, నీళ్లు గుమ్మరించో ముందు చల్లబరచాలి, తరలించడం తర్వాతి మాట. సీపీఆర్ మీద, అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి ఊపిరి అందించడం మీద ప్రశ్న వస్తే నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 30 నొక్కులకు 2 శ్వాసలు అని నువ్వు రాసేస్తావు, నాకు తెలుసు. అది చాలదే తల్లీ. శిక్షణకు వాడే మనిషి బొమ్మ మీద చేతులు పెట్టి, మోచేతులు వంచకుండా, ఆయాసం వచ్చేదాకా నొక్కి చూడు. పెద్దవాళ్లకు 5 సెంటీమీటర్ల లోతంటే ఎంత బలం కావాలో పుస్తకం చెప్పదు. పరీక్షలో ఇది రాకపోయినా సరే, ఇది నేర్చుకోకుండా విజిల్ ముట్టుకోవద్దు.

నీ ఒళ్లు కూడా జాగ్రత్త. చివరి పది రోజుల్లో కొత్తగా వేగం పెంచి తొడ వెనక కండరం పట్టేయించుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఫిక్చర్లు, అదే ఏ జట్టు ఎవరితో ఆడాలో వేసే పట్టికలు, నీకు సరిగ్గా రావని మీ నాన్న నోరు జారాడు. నాకౌట్‌లో జట్ల సంఖ్యను రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... ఇలా పైకి వచ్చే అంకెలోంచి తీసేస్తే వచ్చేవే బైలు, అంటే మొదటి రౌండు ఆడకుండానే ముందుకు వెళ్లే అవకాశాలు. మొదటి బై కింది సగంలో ఆఖరి జట్టుకు, రెండోది పై సగంలో మొదటి జట్టుకు, మూడోది కింది సగంలో మొదటి జట్టుకు, నాలుగోది పై సగంలో ఆఖరి జట్టుకు. దీనికి జవాబుగా ఉత్తరం అక్కర్లేదు. 19 జట్లకు ఫిక్చర్ వేసి ఫోటో తీసి పంపు. పై సగంలో ఎన్ని బైలు పెట్టావో చూసి అప్పుడు మాట్లాడతాను.

మీ పెదనాన్న