"గెట్"కి జర్మన్‌లో ఒక్క మాట ఏది?

జర్మన్ ఏ2 (మొదట్లో వచ్చే రెండో మెట్టు) చదువుతున్నా, ఇంగ్లిష్ "గెట్"ని జర్మన్‌లో ఏమంటారో చూద్దామని డిక్షనరీ తెరిస్తే ఆపకుండా వస్తూనే ఉన్నాయి, ఇందులో ఏది బట్టీ పట్టాలి అని అడిగారు. ఏదీ పట్టొద్దండి. అసలు "గెట్"నే పక్కన పడేయండి, నిజంగా చెప్తున్నా.

నేను జర్మనీలో మాగ్డెబుర్గ్ ఊళ్లో మాస్టర్స్ చేసి ఇక్కడే ఉద్యోగంలో పడ్డా, ఆరేళ్లు దాటింది. మొదటి రెండేళ్లు ఏం చేసేవాణ్నంటే తెలుగులో అనుకోవడం, దాన్ని బుర్రలోనే ఇంగ్లిష్ చేసుకోవడం, అక్కణ్నించి జర్మన్‌లోకి తోయడం. ఆ మధ్య మజిలీ దగ్గరే కొంప మునిగేది. ఎందుకంటే తెలుగులో "గెట్" అనే మాటే లేదు కదా. మనకి ఉద్యోగం వస్తుంది, ఇల్లు దొరుకుతుంది, ఉత్తరం అందుతుంది, ట్రైన్ ఎక్కుతాం, దిగుతాం, మారతాం, చీకటి పడుతుంది, జోకు అర్థమవుతుంది. జర్మన్ వాడూ అచ్చం ఇలాగే దేనికి దానికి వేరే మాట పెట్టుకున్నాడు. ఎక్కడం ఐన్‌ష్టైగెన్, దిగడం ఆవుస్‌ష్టైగెన్, మారడం ఉమ్‌ష్టైగెన్, వెళ్లి తేవడం హోలెన్, ఎక్కడో పట్టుకుని సంపాదించడం బెజోర్గెన్, అర్థమవడం ఫెర్‌ష్టేయెన్, ఫ్రెండ్స్ మధ్యలో అయితే కపీరెన్. ఇవన్నీ తెలుగు పక్కన రాసుకుంటే ఒక్క రోజులో వచ్చేస్తాయి.

ఇక అసలు గొడవ బెకొమెన్‌తో. ఇది వినగానే అందరికీ ఇంగ్లిష్ "బికమ్" గుర్తొస్తుంది. రెండూ ఒకే వేరు నుంచి పుట్టినవే, కానీ ఇంగ్లిష్‌లో "అవ్వడం" అయి కూర్చుంది, జర్మన్‌లో "దొరకడం, రావడం" అయింది. నేను వచ్చిన కొత్తలో బేకరీకి వెళ్తే కౌంటర్ వెనకావిడ "వాస్ బెకొమెన్ జీ?" అంది. నువ్వేమవుతావు అని అడుగుతోందనుకుని బిక్కమొహం వేశా, వెనక ఐదారుగురు క్యూ. ఆవిడ అడిగింది "మీకేం కావాలండీ" అని, అంతే. రెండు బ్రోట్‌షెన్ (చిన్న బ్రెడ్ బన్నులు) చేత్తో చూపించి బయటపడ్డా.

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది, మన తెలుగులోనూ సరిగ్గా ఇదే మెలిక ఉంది! "నేను ఇంజనీర్ కావాలి" అంటే అవ్వాలని కోరిక. "నాకు ఇంజనీర్ కావాలి" అంటే ఇల్లు కట్టడానికో దేనికో ఒక ఇంజనీర్ దొరకాలి. క్రియ ఒక్కటే, నేను నాకు అయ్యేసరికి అర్థం మొత్తం తిరిగిపోయింది. జర్మన్‌లో మొదటిదానికి వేర్డెన్, రెండోదానికి బెకొమెన్. క్లాసులో లేచి "ఇష్ మోష్టె ఇంజెన్యోర్ బెకొమెన్" అని గట్టిగా చెప్పామనుకోండి, టీచర్ నవ్వాపుకోలేదు, నాకు అనుభవమే. అలసిపోవడం, జబ్బు పడటం, ముసలైపోవడం, చీకటి పడటం, అంటే ఒక స్థితిలోంచి ఇంకో స్థితికి మారేవి చాలావరకు వేర్డెన్‌కే ఇచ్చేయండి.

బెకొమెన్‌లో ఇంకో అర్థం ఉంది, దీన్ని పుస్తకాలు ఎందుకు ముందే చెప్పవో నాకర్థం కాదు. "మిల్ష్ బెకొమ్ట్ మియర్ నిష్ట్" అంటే నాకు పాలు పడవు. చూశారా, మనకి "నాకు", వాళ్లకి "మియర్", పాలు కర్తగా కూర్చున్నాయి, మనిషి పక్కన "కు" తగిలించుకుని నిలబడ్డాడు. దీన్ని ఇంగ్లిష్ మీదుగా తిప్పితే చుట్టూ తిరిగి ముక్కు పట్టుకోవడమే, తెలుగులోంచి అయితే నేరుగా దిగిపోతుంది.

క్రీగెన్ అనేది బెకొమెన్‌కి ఇంట్లో వేసుకునే లుంగీ లాంటిది. మాటల్లో రోజంతా వినిపిస్తుంది, ఆఫీసులో ఏదైనా సర్వర్ పడిపోతే "దస్ క్రీగెన్ వియర్ హిన్" అంటారు, ఏదోలా సరిచేసేద్దాంలే అని. పరీక్షలో ఉత్తరం రాయమంటే మాత్రం వాడకండి. (క్రీగ్ అంటే యుద్ధం, కంగారు పడకండి, ఇక్కడెవరూ కొట్టుకోరు.) దీనికి పూర్తి వ్యతిరేకం ఎర్‌హాల్టెన్, ఇస్త్రీ చొక్కా. ఆఫీసుల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఉంటుంది, మనం "తమరి లేఖ అందినది" అన్నట్టు. నోటితో అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

హెయిర్‌కట్ సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తవదు. ఒక సోమవారం ఆఫీసుకెళ్తే పక్క సీటాయన కటింగ్ బాగుంది అన్నాడు, నేను హుషారుగా "ఇష్ హాబె మియర్ డి హారె గెష్నిటెన్" అన్నా. ఆయన లేచి నా వెనక్కొచ్చి మెడ దగ్గర తేరిపార చూసి "వెనకవైపు కూడా నువ్వే చేసుకున్నావా?" అన్నాడు, నిజంగానే మెచ్చుకోలుగా. నేను చెప్పింది నా జుట్టు నేనే కోసుకున్నా అని. అక్కడ లాసెన్ పడాలి, "ష్నైడెన్ లాసెన్". మనకి దీనికి ఎంత చక్కటి "ఇంచు" ఉందండీ, చేయించా, కుట్టించా, కట్టించా! తెలుగులో కలలో కూడా తప్పు పోని చోట ఇంగ్లిష్ "ఐ కట్ మై హెయిర్" నమ్ముకుని నేను పోయా. ఇంకొకరి చేత పని చేయించే "ఇంచు" ఎక్కడ మీ నోటికి వస్తుందో అక్కడ లాసెన్ వేయండి, దాదాపు ఎప్పుడూ సరిపోతుంది.

సరదాకి ఇంకోటి. ఈ "గెట్" ఇంగ్లిష్‌కి సొంతం కూడా కాదు, స్కాండినేవియా నుంచి వైకింగులతో పాటు వచ్చిన, వాళ్ల భాష పాత నార్స్‌లోని మాట. దాని చుట్టం జర్మన్‌లో మిగిలింది ఫెర్గెస్సెన్‌లో, అంటే ఇంగ్లిష్ "ఫర్‌గెట్". వెతుక్కుంటున్న మాట "మర్చిపోవడం"లో దాక్కుంది.

కింద కామెంట్లో ఇంకొకరు "ఐ డిడ్ నాట్ గెట్ టైమ్"ని ఎలా చెప్పాలని అడిగారు. టైమ్ జోలికే పోకండి, "ఇష్ బిన్ నిష్ట్ డట్సూ గెకొమెన్" అనండి, అక్షరాలా మన "కుదర్లేదండీ". మొన్న శుక్రవారం రిపోర్ట్ ఏదని అడిగితే మా మేనేజర్‌తో నేనూ అదే అన్నా, గ్రామర్ అయితే తప్పు పట్టలేదు.