ఎయిడ్ తక్కువొచ్చిందా? అప్పీల్ పెట్టండి

అన్నా, నిరుడు మీ ఉద్యోగం పోయినా పాపకి కాలేజీ వాళ్లు ఇంత తక్కువ ఎయిడ్ (చదువుకి ఆర్థిక సాయం) ఎందుకిచ్చారని అడిగారు కదా. ఫాఫ్సా, అంటే అమెరికాలో కాలేజీ ఎయిడ్ కోసం నింపే ప్రభుత్వ ఫారం, రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తుంది. 2026-27కి లెక్క 2024 ట్యాక్స్ రిటర్నే. అప్పుడు మీకు ఫుల్ జీతం. తర్వాత జరిగింది ఆ ఫారానికి తెలీదు, మనమే చెప్పుకోవాలి.

ఎయిడ్ ఆఫీసుకి ఫోన్ చేసి 'స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్' (ప్రత్యేక పరిస్థితుల) అప్పీల్ ఎలా పెట్టాలో అడగండి. ఆదాయం పడిపోతే లెక్క సవరించే అధికారం వాళ్లకి చట్టమే ఇచ్చింది. మావాడి కాలేజీ అప్పుడు నేను లేఆఫ్ లెటరు, చివరి పే స్టబ్, నిరుద్యోగ భృతి కాగితం జతచేసి ఒక పేజీ రాశా. మొదట నా బాధంతా వెళ్లబోసుకుంటే మా ఆవిడ చదివి, "ఇది అప్పీలా, హరికథా?" అంది. అదంతా కొట్టేసి తేదీలు, అంకెలు మాత్రం ఉంచా. మూడు వారాలకి గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని సాయం) ఆరు వేల డాలర్లు పెరిగింది. అందరికీ పెరుగుతుందని మాత్రం చెప్పలేను.

ఇంకోటి, ఆఫర్ లెటర్లో లోన్లు, వర్క్ స్టడీ (చదువుతూ పనిచేసి సంపాదించే డబ్బు) కూడా ఎయిడ్ కిందే కలిపి చూపిస్తారు. అవి పక్కనపెట్టి, మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులే తీసేసి చూడండి. పాప పేరున మొదటి ఏడాది వచ్చే ఫెడరల్ లోన్ మామూలుగా 5,500 డాలర్లే. మిగతాదానికి మీ పేరున పేరెంట్ లోన్ చూపిస్తారు, తొందరపడి సంతకం పెట్టొద్దు. కాలేజీలో చేరతామని చెప్పాల్సిన మే 1 గడువు దగ్గరపడితే అప్పీల్ తేలేదాకా దాన్ని పొడిగించమని ఇప్పుడే మెయిల్ కొట్టండి.