తలుపు వేసుకునే ముందు

తల్లీ,

నువ్వు బెంగళూరులో ఉద్యోగంలో చేరుతున్నావనీ, హాస్టల్లో రోజూ నాలుగింటికే లేచి గంటసేపు ప్రార్థన చేస్తావనీ మీ నాయన నిన్న ఫోన్లో చెప్పాడు. ఏడాదిలో బైబిల్ మొత్తం చదువుతావంట, శుక్రవారాలు ఉపవాసమంట. వింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

చిన్నవి ముందు చెప్పేస్తాను. పడుకునేటప్పుడు ఫోన్ దూరంగా పెట్టు. దగ్గర్లో తెలుగు ఆరాధన ఎక్కడుందో కనుక్కుని ఆదివారం తప్పకుండా వెళ్ళు. గదిలో నలుగురుంటే, బైబిల్లో గొంతు వినపడకుండా ప్రార్థించిన హన్నా మాదిరి పెదవులు కదిపినా చాలు. లేదంటే మిద్దె మీదికి పో. ప్రభువు కూడా ఇంకా చీకటుండగానే లేచి ఎవరూ లేని చోటికి వెళ్ళాడని మార్కు సువార్తలో ఉంది. మీ కోసం ప్రార్థన చేస్తాం, డబ్బు పంపండి అని ఫోన్లో అడిగేవాళ్ళకు ఒక్క రూపాయి పంపొద్దు.

ఉపవాసం సంగతి గట్టిగా చెప్తున్నా. ఇంటర్ పరీక్షల్లో ఏమీ తినకుండా పోయి కళ్ళు తిరిగి పడ్డావే, అది నేను మర్చిపోలేదు. ఊరుగాని ఊర్లో పడితే పట్టుకునేదెవరు? శుక్రవారం ఒక పూట మానుకో చాలు, అది కూడా మజ్జిగ తాగి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు.

1989లో నేనూ నీ మాదిరే మొదలుపెట్టాను. బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. చదివిన ప్రతి అధ్యాయం పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకునేదాన్ని. చర్చిలో ఆడవాళ్ళ కూటమి, స్త్రీల మైత్రిలో అందరూ మెచ్చుకునేవాళ్ళు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువు చెప్పాడు కదా అని గడియ కూడా పెట్టుకునేదాన్ని.

మే నెల. మా అత్తకు జ్వరం, వరండాలో పడుకుని ఉంది. ఎండలు మండిపోతున్నాయి. "అమ్మే, రోన్ని నీళ్ళీమ్మే" అని పిలిచింది. వినపడింది. ఇంకొక్క అధ్యాయం ఉందని లేవలేదు. మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత పిలవలేదు. తనే లేచి కుండ దగ్గరికి పోతూ గడప దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. నేను గడియ తీసి పరుగెత్తి వచ్చేసరికి నేల మీద పడి ఉంది. నన్ను చూసి, "ప్రార్థన అయిందామ్మే?" అనింది. తల్లీ, ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. అదే నన్ను ఇప్పటికీ నిద్ర పోనీయదు.

ఏడు నెలలు మంచంలో ఉండి వెళ్ళిపోయింది. మొదట్లో నాకు నోటి వెంట ప్రార్థనే రాలేదు. "మహోన్నతుడవైన తండ్రీ" అని మొదలుపెడితే గొంతు పట్టేసేది. ఆమెకు చదువు రాదు. 1822లో లండన్ మిషన్ వాళ్ళు కడపలో పని మొదలుపెట్టినప్పటి నుంచీ మన పల్లెల్లో చదువు రాని ఆడవాళ్ళెందరో విన్నదాన్నే నోటికి పట్టుకుని బతికారు. అత్తకు వచ్చింది ఇరవైమూడో కీర్తన ఒక్కటే. మిగతాదంతా పక్కింటామెతో మాట్లాడినట్టే. "అయ్యా, ఈపొద్దు నడుము శానా నొచ్చుతాంది. కోడలు ఏడుస్తాంది, రోంత చూడయ్యా" అనేది. నేను ఆమె దుప్పట్లు పిండుతూ ఇవన్నీ వినేదాన్ని.

ఒక రాత్రి బోరింగు కాడ దుప్పటి పిండుతూ నేనూ మన మాటల్లోనే అన్నాను. "అయ్యా, ఆమె పిలిచింది, నాకు వినపడింది, నేను లేయల్యా. ఆ పొద్దు నేను నీతో మాట్లాడ్తా ఉండల్యా, అధ్యాయాలు లెక్కబెట్టుకుంటా ఉండా." చేతిలో దుప్పటి పట్టుకుని చానాసేపు అట్లే నిలబడిపోయాను. నా బతుకులో నేను దేవునితో నిజం మాట్లాడింది అదే మొదటిసారి.

ఆ తర్వాత యోబు గ్రంథం దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను, టిక్కులు ఆగిపోయింది అక్కడే. ఒక్కో అధ్యాయం వారం రోజులు చదివాను. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దేవునితో ఎంత కోపంగా మాట్లాడతాడో చూడు. చివరికి దేవుడు, తప్పు నీదేనని యోబుకు నీతులు చెప్పిన స్నేహితుల మాటల్ని ఒప్పుకోలేదు, యోబు మాటల్నే ఒప్పుకున్నాడు. బెంగళూరులో ఆఫీసు టెన్షన్ ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది. ప్రార్థన చేయాలనిపించని రోజులు వస్తాయి. ఆ రోజు "నాకు చేయాలని లేదయ్యా" అనే చెప్పు. ఎవరైనా తలుపు కొడితే లేచి తీయి, మధ్యలో ఆపినందుకు ఆయన అలగడు. గడియ మాత్రం పెట్టుకోవద్దు.

మీ నాయనతో నా పాత బైబిల్ పంపుతున్నాను. టిక్కులు చెరపలేదు. యోబు నుంచి మార్జిన్లన్నీ ఖాళీగానే ఉన్నాయి, నీకు తోచింది రాసుకో. చేరిన రోజు ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ అత్త
జమ్మలమడుగు