సైటేషన్లు, సహరచయితలు: ఏ లెక్క రాయాలి?

ప్రశ్న: ఉపాధి హామీ, పింఛన్ల అమలు మీద పరిశోధన చేస్తున్నాను. ఒకరి వ్యాసాలను ఇతరులు తమ రచనల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారో (సైటేషన్లు) లెక్కించే గూగుల్ స్కాలర్‌లో నా హెచ్-ఇండెక్స్ 9 అని, అలాంటిదే అయిన స్కోపస్‌లో 4 అని ఉంది. ఉద్యోగ దరఖాస్తులో ఏది రాయాలి? ఇతర సంస్థలవారితో కలిసి చేసిన పనిని ఎలా చూపించాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: రెండూ రాయండి. ఒక్కో అంకె పక్కన అది ఎక్కడ చూసినదో, ఏ తేదీన చూసినదో కూడా రాయండి. ఆ వివరం లేని హెచ్-ఇండెక్స్‌ను బట్టి ఎవరూ ఏమీ తేల్చలేరు. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలమానంలో లెక్క చాలా సులువు. మీ వ్యాసాలకు వరుసగా 40, 22, 9, 6, 5, 3 సైటేషన్లు వచ్చాయనుకుంటే, కనీసం 5 సైటేషన్లు వచ్చిన వ్యాసాలు 5 ఉన్నాయి కాబట్టి మీ హెచ్-ఇండెక్స్ 5. మొదటి వ్యాసానికి 40 బదులు 400 వచ్చినా ఆ 5 మారదు.

మీ రెండు అంకెల మధ్య తేడాకు కారణం, ఎక్కడెక్కడి సైటేషన్లను లెక్కలోకి తీసుకుంటున్నారన్నదే. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న పత్రికలు, పుస్తకాలు, సదస్సు పత్రాల వరకే చూస్తుంది. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, నివేదికలను, ఇంకా అచ్చు కాని పత్రాలను కూడా కలుపుకుంటుంది. సాంఘిక విధానాల రంగంలో చాలా పని పుస్తకాలుగా, నివేదికలుగా, ప్రాంతీయ భాషల్లో వస్తుంది కాబట్టి ఇక్కడ తేడా పెద్దదిగానే ఉంటుంది. అయితే గూగుల్ స్కాలర్ జాబితాను ఒకసారి స్వయంగా సరిచూసుకోక తప్పదు. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకునే మన అలవాటు వల్ల మరొకరి వ్యాసాలు మీ ఖాతాలో చేరడం, మీవి మరొకరికి పోవడం మామూలే. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఆర్కిడ్ (ORCID) తీసుకుని, ప్రతి వ్యాసంలో పేరును ఒకే తీరుగా రాస్తే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మీ జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. అలాంటి పథకం మీద చేసిన పని సామాజిక తనిఖీ నివేదికలోనో, ప్రభుత్వ సమీక్షలోనో ప్రస్తావనకు వస్తే, అది మరో పరిశోధకుడి పాదసూచికలో కనిపించడం కంటే తక్కువ విలువైనదని నేను అనుకోను. కానీ స్కోపస్ అంకెలో అది సాధారణంగా చేరదు. ప్రభుత్వ, విధాన పత్రాల్లోని ప్రస్తావనలను ఓవర్టన్ వంటి సంస్థలు సేకరిస్తున్నాయి. అయినా తెలుగులో వచ్చిన నివేదికలను మీరే వెతికి, పుట సంఖ్యతో సహా చేర్చడం మేలు.

ఇక కలిసి చేసిన పని సంగతి. సహరచయితల సంఖ్య చెబితే సరిపోదు. మొత్తం వ్యాసాల్లో బయటి సంస్థలవారితో కలిసి రాసినవి ఎన్ని, ఏ సంస్థతో పని ఏళ్ల తరబడి సాగింది, అందులో సర్వే రూపకల్పన, గణాంక విశ్లేషణ, రచన వంటి వాటిలో మీ వంతు ఏది అన్నది రాయండి. ఐదుగురు రాసిన వ్యాసాన్ని ఒక్కొక్కరికీ పూర్తిగా ఒకటిగా లెక్కించే పద్ధతి ఉంది, ఐదో వంతుగా పంచే పద్ధతీ ఉంది. మీరు ఏది పాటించారో చెప్పండి. ఊళ్లలో ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించిన స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల పేర్లు ఈ లెక్కల్లో ఎక్కడా కనబడవు. వారి సహకారాన్ని విడిగా ఒక పేరాలో రాయడం న్యాయం.

ప్రశ్న: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువున్న పత్రికలో అచ్చయితే ఆ వ్యాసం గొప్పదని అనుకోవచ్చా?
– ఒక అధ్యాపకుడు, కడప

జవాబు: అనుకోకూడదు. అది పత్రికకు చెందిన సగటు మాత్రమే. అంతకుముందు రెండేళ్లలో ఆ పత్రికలో వచ్చిన వ్యాసాలకు ఒక ఏడాదిలో సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో అది చెబుతుంది. కొద్ది వ్యాసాలే ఆ సగటును పైకి లాగుతాయి, మిగతావాటిలో చాలా వాటికి అంతకంటే తక్కువే వస్తాయి. వ్యక్తుల నియామకానికి, పదోన్నతికి దీన్ని వాడవద్దని పరిశోధనను మదింపు చేసే తీరుపై వచ్చిన 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా కోరింది. మీ కమిటీలో ఈ చర్చ వస్తే ఆ ప్రకటనను ముందుంచి, అభ్యర్థి ఎంపిక చేసి ఇచ్చిన రెండు మూడు వ్యాసాలను సభ్యులే చదవాలని అడగండి.