నీడలో నీరసించిన గులాబీకి చోటు మార్చడం

గోడ పక్కనున్న పొట్టి గులాబీ రెండేళ్లయినా ఎదగడం లేదు, కొమ్మలు సన్నగా సాగి ఒకటీ అరా పూలే పూస్తున్నాయి, తవ్వి వేరేచోట పెడితే బతుకుతుందా అని అడిగారు కదా. బతుకుతుందండీ, టెన్షన్ పడకండి. కొమ్మలు అలా సన్నగా సాగుతున్నాయంటే ఎండ చాలడం లేదన్నమాట. గులాబీకి రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి.

ఎండలు మండే రోజుల్లో మాత్రం కదపకండి. వాతావరణం చల్లబడ్డాక, సాయంత్రం పూట మార్చండి. పాత గులాబీ చాలాకాలం ఉన్న చోటు వద్దు, అక్కడ కొత్తది సరిగా ఎదగదు. గొయ్యి ముందే తవ్వి ఉంచుకోండి. మొక్కకు ముందురోజే బాగా నీళ్లు పెడితే మట్టి వేళ్లను పట్టుకుని ముద్దగా వస్తుంది. కొమ్మలను సగానికి కత్తిరించి, మొదలుకు జానెడున్నర దూరంలో చుట్టూ తవ్వి, కింద నుంచి లేపండి. మొదలు పట్టుకుని లాగితే వేళ్లు పుటుక్కున తెగుతాయి. ఇంతకుముందున్న లోతులోనే నాటి, నిండా నీళ్లు పోయండి.

నీరసంగా ఉంది కదా అని వెంటనే ఎరువు వేయాలనిపిస్తుంది. నేనలాగే ఆత్రపడి ఒక మొక్కను మాడ్చుకున్నాను! కొత్త చిగుళ్లు వచ్చేదాకా నీళ్లే చాలు. మొదట్లో ఆకులు రాలినా పీకేయకండి. కొమ్మను గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.